ఏడవ పిల్ల ఎక్కడ?



మేమిద్దరమూ బడిపంతుళ్ళుగా పనిచేసి, ఉద్యోగ విరమణ తరువాత ఎడ్లపాడులో స్థిరపడ్డామని ఈ శీర్షిక చదివేవారికి తెలుసు. చిలకలూరిపేట నుండి గుంటూరు వెళ్ళే పెద్ద రోడ్డు మీద ఉన్న ఊరు మాది. ఒక ప్రక్క కొండవీటి కొండలు, చుట్టూ ప్రత్తి, మిరప చేలు. సాయంకాలము మేము నడకకు పోయే దారిలో ఒక బడి ఉన్నది. దాని పేరు ఇక్కడ అవసరము లేదు. కిందటి సంవత్సరము జూలైలో ఆ బడి గోడ దగ్గర నిలబడి చూచిన ఒక సంగతి, దాని వెంట మేము చేసిన ఒక చిన్న ప్రయత్నము ఈ నెల మీతో చెప్పుకోవాలని ఉన్నది.

అది చివరి గంట, ఆటల గంట. మగపిల్లలు క్రికెట్టు ఆడుతున్నారు. బ్యాటు ఎవరిదో వాడే ముందు ఆడతాడు. అవుటయినా కాలేదంటాడు. ముళ్ళకంపలో పడిన బంతిని వెదికి తెచ్చే పని మాత్రము ఎప్పుడూ అదే ముగ్గురు నలుగురు పిల్లలది. వాళ్ళు ఊళ్ళో నుండి వచ్చేవారా, పల్లె నుండి వచ్చేవారా అన్నది మేము చెప్పనక్కరలేదు. ఆడపిల్లలందరూ వేపచెట్టు క్రింద కూర్చుని ఉన్నారు. అక్కడ కూడా రెండు గుంపులు.

"మీరు ఆడరా అమ్మా?" అని అడిగాము.

"మాకు ఆటలు రావండీ" అన్నది ఒక పిల్ల.

ఆ రాత్రి భోజనము దగ్గర మా ఇంట్లో ఇదే మాట. రాకపోవటమేమిటి? నేర్పినవారు లేరు, అంతే. చెడుగుడు నేర్పుదామంటే మగపిల్లలకు ముందే వచ్చు. క్రికెట్టు అంటే బ్యాటు ఉన్నవాడిదే రాజ్యము. అప్పుడు తోచింది: ఊళ్ళో ఎవరికీ రాని ఆట అయితే? అప్పుడు బ్యాటు ఉన్నవాడూ, కంపలో బంతి వెదికేవాడూ, చెట్టు క్రింద కూర్చున్న పిల్లా అందరూ ఒకే రోజున ఒకటవ తరగతిలో చేరినట్లే గదా!

మాలో ఒకరము శిక్షణ కళాశాలలో చదివే రోజులలో నెట్ బాల్ ఆడియున్నాము. ప్రధానోపాధ్యాయులను, ఆటల మాస్టారును అడిగితే సంతోషముగా ఒప్పుకున్నారు. "మైదానము మట్టిది గదండీ, పనికివస్తుందా?" అన్నది ఒక్కటే వారి సందేహము. ఆ మట్టి నేల వల్లనే ఈ ఆటను ఎంచుకున్నాము. బాస్కెట్ బాల్ ఆటలో బంతిని నేలకు కొట్టుకుంటూ పోవాలి, గట్టి నేల కావాలి. నెట్ బాల్ లో బంతిని నేలకు కొట్టుకుంటూ పోవటము లేదు. చేతి నుండి చేతికి పోతుంది. గులకరాళ్ళు ఏరివేసి చదును చేసుకుంటే చాలు.

ఈ ఆట ఎలా పుట్టిందో కూడా చెప్పాలి. మన పాఠకులకు అది ప్రత్యేకముగా నచ్చుతుంది.

నెట్ బాల్ కు తల్లి బాస్కెట్ బాల్. దానిని కనిపెట్టినవాడు జేమ్స్ నైస్మిత్. ఇతడు 1861లో కెనడా దేశములో పుట్టాడు. తొమ్మిదవ ఏట తల్లిని, తండ్రిని టైఫాయిడ్ జ్వరము తీసుకుపోయింది. మేనమామ దగ్గర పెరిగాడు. చదువు మధ్యలో ఆపి, కొన్నేళ్ళు అడవిలో చెట్లు నరికే కూలిపని చేశాడు. తరువాత మరల బడిలో చేరి, పట్టుదలగా చదివి, మాంట్రియల్ నగరములోని ప్రెస్బిటేరియన్ కళాశాలలో వేదాంత విద్య పూర్తిచేశాడు. విద్యార్థిగా ఆటలు ఆడుతున్నందుకు తోటివారు కొందరు ఒక గదిలో చేరి తన ఆత్మ కొరకు ప్రార్థించారని ఆయనే తరువాత చెప్పుకున్నాడు. పిల్లల శరీరములకు మేలు చేయటము కూడా దేవుని సేవయే అని నమ్మి, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణములో వై.ఎమ్.సి.ఎ. వారి శిక్షణ పాఠశాలకు ఉపాధ్యాయుడుగా వెళ్ళాడు.

1891 డిసెంబరు. బయట మంచు. లోపల గదిలో కసరత్తులు చేసి చేసి విసిగిపోయిన 18 మంది విద్యార్థులు ఏ మాస్టారు మాటా వినటము లేదు. వాళ్ళ కొరకు గదిలో ఆడగల ఒక ఆట తయారుచేయమని నైస్మిత్ కు 14 రోజుల గడువు ఇచ్చారు. తెలిసిన ఆటలనే గదిలోకి తెచ్చి చూచాడు. దెబ్బలు తగిలాయి గాని ఆట కుదరలేదు. అప్పుడు ఆలోచించాడు: మనుషులు ఒకరినొకరు ఎందుకు పడదోసుకుంటున్నారు? బంతి పట్టుకుని పరుగెత్తుతున్నాడు కాబట్టి వాడిని ఆపటానికి పడదోస్తున్నారు. బంతితో పరుగే లేకపోతే పడదోయవలసిన పనీ లేదు. బంతి చేతికి వస్తే నిలబడి, ఇంకొకరికి అందించాలి. గోలు నేల మీద కాక ఎత్తున ఉంటే బలముగా కొట్టటము కాదు, మెల్లగా గురి చూచి వేయటము నేర్చుకుంటారు. చిన్నప్పుడు తన ఊళ్ళో పిల్లలు ఒక బండ మీద పెట్టిన రాయిని మరొక రాయితో గురి చూచి పడగొట్టే ఆట ఆడేవారు. బలముగా విసిరినవాడి రాయి కన్నా, మెల్లగా ఎత్తి వేసినవాడి రాయే బాగా తగిలేదట. మన ఏడు పెంకులాట ఆడిన వారికి ఈ కిటుకు వెంటనే అర్థమవుతుంది.

పీచ్ పండ్లు వేసే రెండు బుట్టలు తెచ్చి, గది చుట్టూ ఉన్న వసారా అంచుకు మేకులతో కొట్టారు. ఆ అంచు ఎత్తు 10 అడుగులు. ఈనాటికీ ప్రపంచమంతటా ఆ గోలు ఎత్తు 10 అడుగులే! పదమూడు నియమములు వ్రాసి గోడకు అంటించారు. మొదటి ఆటలో మొత్తము మీద పడినది ఒక్కటే గోలు. ఈ మాస్టారు 1916లో ప్రెస్బిటేరియన్ సంఘములో బోధకుడుగా అభిషేకము కూడా పొందాడు.

ఆ ఆట 1890వ దశకములోనే ఇంగ్లాండు చేరింది. అక్కడ ఆడపిల్లల కళాశాలలలో కొంత మార్పు చెంది నెట్ బాల్ అయినది. 1901లో దాని నియమములు అచ్చయ్యాయి. తరువాత బాస్కెట్ బాల్ వారు బంతిని నేలకు కొడుతూ పరుగెత్తటానికి అనుమతిచ్చారు. నెట్ బాల్ మాత్రము నైస్మిత్ మాస్టారి మొదటి మాటనే పట్టుకుని నిలిచింది: బంతితో పరుగు లేదు. 1960లో మన ప్రక్కనున్న సిలోను ముఖ్య పట్టణము కొలంబోలో కొన్ని దేశముల వారు కూడి ఒకే నియమావళిని ఏర్పాటుచేసుకున్నారు. మొదటి ప్రపంచ పోటీ 1963లో ఇంగ్లాండులో జరిగింది.

మన దక్షిణ దేశములో ఇటువంటి క్రొత్త ఆటలకు దారి వేసినది కూడా వై.ఎమ్.సి.ఎ. వారే. హారీ క్రో బక్ అనే అమెరికా దేశస్థుడు 1920లో మద్రాసులో వ్యాయామ ఉపాధ్యాయుల శిక్షణ సంస్థ ప్రారంభించాడు. 1943లో చనిపోయేవరకు ఈ దేశములోనే సేవ చేశాడు. ఆ రోజులలో వాలీబాల్ కూడా మన బడులకు తెలియని ఆటే. ఇప్పుడు దానిని పరాయి ఆట అనేవారెవరు? సందు చివర రెండు గుంజలు పాతి వల కట్టిన పల్లెలు ఎన్ని లేవు! మన రాయలసీమలో చూడండి. 1969లో అనంతపురము వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన గ్రామీణ సేవాసంస్థ హాకీ, సాఫ్ట్ బాల్ వంటి ఆటలను కరువు పల్లెల ఆడపిల్లలకు నేర్పింది. క్రొత్త ఆట పల్లెకు పనికిరాదు అనటానికి వీలులేదు.

ఇక మా ఎడ్లపాడు సంగతి.

సర్వీ కర్రలు రెండు తెచ్చి పాతాము. రోడ్డు ప్రక్కన వెల్డింగు షాపు అబ్బాయి ఇనుప చువ్వను 15 అంగుళముల రింగుగా వంచి ఇచ్చాడు. మందిరములోని స్త్రీల సమాజము వారు పాత చీరల నుండి పద్నాలుగు గుడ్డముక్కలు కుట్టి ఇచ్చారు. ఏడు ఎర్రవి, ఏడు నీలివి. ఒక్కొక్క దాని మీద ఒక్కొక్క స్థానము పేరు. ఈ ఆటలో జట్టుకు ఏడుగురు. ఎవరి స్థానము వారిది. మైదానములో ఎవరు ఎంతవరకు తిరగవచ్చునో గీతలు ఉంటాయి. గోలు వేసే అధికారము ఇద్దరికే. కానీ మధ్యలోని వారు అందించకపోతే ఆ ఇద్దరి దగ్గరకు బంతి రానే రాదు.

మొదటి రోజు బ్యాటు అబ్బాయి బంతి అందుకుని అలవాటు ప్రకారము పరుగు తీశాడు. ఈల వేశాము. బంతి అవతలి జట్టుకు ఇచ్చాము. రెండవసారీ అంతే. "ఇదేమి ఆటండీ, ఆడపిల్లల ఆట!" అని కోపగించుకున్నాడు. మూడవసారి బంతి చేతికి వచ్చినప్పుడు ఆగాడు. బంతి చేతిలో మూడు సెకన్లే ఉండాలి. చుట్టూ చూచాడు. దగ్గరలో ఖాళీగా నిలబడినది, రోజూ కంపలో బంతి వెదికే చిన్న పిల్లవాడు ఒక్కడే. గత్యంతరము లేక వాడికే వేశాడు. మేము ఆ రోజు ఇంటికి వచ్చి ఎంతసేపు ఆ మాటే చెప్పుకున్నామో!

అయితే అంతా సవ్యముగా జరిగిందని చెబితే అబద్ధమవుతుంది. మా తప్పులు మేము ఒప్పుకోవాలి. మొదట జట్లను పిల్లలనే ఎంచుకోమన్నాము. ఊరి పిల్లలు ఒక జట్టు, పల్లె పిల్లలు ఒక జట్టు అయ్యారు. ఆ రోజు ఆట ఆటగా లేదు, తగాదాగా ఉన్నది. మరునాటి నుండి గుడ్డముక్కలన్నీ ఒక సంచిలో వేసి, కండ్లు మూసుకుని ఎవరికి ఏది వస్తే అది తీసుకోమన్నాము. చీటీ పడినట్లే. పది రోజులు గడిచేసరికి ఎవరికి ఏ స్థానము కుదురుతుందో వాళ్ళే తెలుసుకున్నారు.

రెండవ తప్పు ఇంకా పెద్దది. బంతి పట్టుకోవటము సరిగా నేర్పకుండానే ఆట మొదలుపెట్టాము. గాలి కూడా ఎక్కువ కొట్టించాము. తొమ్మిదవ తరగతి చదివే ఒక పల్లె పిల్లకు చూపుడు వేలు బెణికి బుడగలాగ వాచింది. చిలకలూరిపేట తీసుకువెళ్ళి కట్టు కట్టించాము. ఆ రాత్రి వాళ్ళ నాన్న మా ఇంటికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అయ్యగారూ, మీరు పెద్దలు. మీకు చెప్పేవాణ్ణి కాదు. రేపు కాయల కోతలు వస్తే ఆ వేళ్ళతోనే గదండీ మేము బ్రతికేది. ఆటలు మా పిల్లలకెందుకండీ?" అన్నాడు.

మా దగ్గర జవాబు లేదు. "తప్పు మాదే నాయనా" అన్నాము. పిల్ల మూడు వారములు గట్టున కూర్చున్నది. మేము మాత్రము ఆ మూడు వారములు మిగిలిన పిల్లలకు బంతి పట్టుకోవటమే నేర్పాము. వేళ్ళు విప్పి, బంతిని ఎదురు పొడవకుండా, చేతులను వెనుకకు తీసుకుంటూ, పసిబిడ్డను అందుకున్నట్లు అందుకోవాలి. ఇది మొదటి రోజే నేర్పవలసిన పాఠము. కట్టు విప్పిన తరువాత ఆ పిల్ల మరల ఆడింది. తండ్రికి తెలిసే ఆడింది. ఆమె గోలు వేసే పిల్ల కాదు. అవతలివారు మధ్య నుండి పంపే బంతిని అడ్డుకునే స్థానము ఆమెది. చూచేవారు చప్పట్లు కొట్టే స్థానము కాదది.

సంక్రాంతి వెళ్ళింది. మిరప కోతలు ముమ్మరమయ్యాయి. మన ప్రాంతములో ఆ నెలలలో బడి ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఆటల గంటకు పిల్లలు సగమే మిగిలారు. వేలు బెణికిన పిల్ల కూడా రాలేదు. ఒక రోజు ఎర్ర జట్టులో ఆరుగురే ఉన్నారు. నెట్ బాల్ నియమము ప్రకారము ఐదుగురు ఉన్నా ఆట ఆడవచ్చు. ఆ మాటే చెప్పాము. పిల్లలు ఒప్పుకోలేదు. ఆమె గుడ్డముక్క చేతిలో పట్టుకుని, "ఏడవ పిల్ల ఎక్కడండీ? ఇది ఆమెది గదండీ" అన్నారు.

ఆ సాయంకాలము నలుగురు ఆడపిల్లలు, ఇద్దరు మగపిల్లలు పల్లెలోకి నడిచి వెళ్ళారు. వారిలో ముగ్గురు ఊళ్ళో పెద్ద రైతుల పిల్లలు. పుట్టి పెరిగిన ఊళ్ళోనే ఉన్నా, ఆ రోడ్డు దాటి పల్లెలోకి వాళ్ళు అడుగుపెట్టటము అదే మొదటిసారి. మేము వెంట వెళ్ళలేదు. పంపలేదు కూడా. ఆ సంగతి మరునాడు ఆ తండ్రి చెబితేనే మాకు తెలిసింది.

"పిల్లలు వచ్చి మా వాకిట్లో నిలబడ్డారండీ. మా పిల్ల లేకపోతే ఆట లేదంటున్నారండీ. మంచినీళ్ళు అడిగి త్రాగి వెళ్ళారండీ" అన్నాడు. ఆ చివరి మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు మారింది. ఈసారి కూర్చోమంటే కూర్చున్నాడు.

ఆ పిల్ల సోమవారము బడికి వచ్చింది. ఆదివారములు, సెలవు రోజులు కోతకు వెళ్ళేది. మిగిలిన రోజులు బడి. అలా వెళ్ళిన పిల్లలందరూ తిరిగి రాలేదు. ముగ్గురు ఆ ఏడు చదువు మానేశారు. వాళ్ళ ఇండ్లకు మేము రెండు మూడుసార్లు వెళ్ళాము, ఫలితము లేదు. ఒక బంతి, రెండు రింగులు ఒక ఇంటి అప్పు తీర్చలేవు. ఆ ముగ్గురి గుడ్డముక్కలు మా బీరువాలోనే ఉన్నాయి. వాళ్ళకొరకు ప్రార్థన మానలేదు, వాళ్ళ ఇండ్లకు వెళ్ళటమూ మానలేదు. అడవిలో చెట్లు నరికిన నైస్మిత్ కొన్నేళ్ళ తరువాత బడికి తిరిగి వచ్చాడు గదా.

మందిరములో ఒక పెద్దాయన మమ్మల్ని అడిగారు: "ఈ వయస్సులో ఈల ఊదుకుంటూ మీకు ఇదంతా ఎందుకు? ఆటల వల్ల ఆత్మకు మేలేమిటి?" మంచి ప్రశ్నే. జెకర్యా ప్రవక్త పునరుద్ధరింపబడిన యెరూషలేమును దర్శించినప్పుడు అక్కడ ఏమి చూచాడో జ్ఞాపకము చేసుకోమన్నాము. చేతికర్ర పట్టుకున్న వృద్ధులు వీధులలో కూర్చుని ఉన్నారు. అదే వీధులలో మగపిల్లలు, ఆడపిల్లలు ఆడుకుంటున్నారు. దేవుడు బాగుచేసిన పట్టణమునకు గుర్తుగా ఆయన చెప్పినది ఆటలాడే పిల్లలను! మగపిల్లలను మాత్రమే కాదు, ఒక వీధి పిల్లలను మాత్రమే కాదు. ఆ పెద్దాయన ఇప్పుడు అప్పుడప్పుడు చేతికర్రతో వచ్చి గట్టు మీద కూర్చుంటున్నారు.

పిల్లలకు మేము మరొక కథ కూడా చెప్పాము. శ్రీలంకలో యాఫ్నా ప్రాంతపు తమిళ అమ్మాయి తర్జిని శివలింగం ఆరున్నర అడుగులు దాటిన పొడగరి. 2019 ప్రపంచ కప్పులో అందరికన్నా ఎక్కువగా 348 గోలులు వేసింది. ఇది విన్నప్పుడు మా బడిలో 'తాటిచెట్టు' అని పిలిపించుకునే పిల్ల ఒకటి ఆ కథ మరల చెప్పమని అడిగింది.

మీ ఊరి బడిలో గాని, సెలవుల బైబిలు పాఠశాలలో గాని ఈ ఆట నేర్పాలనుకుంటే ఈ మాటలు వ్రాసుకోండి. మైదానము 100 అడుగుల పొడవు, 50 అడుగుల వెడల్పు. పొడవును మూడు సమాన భాగములు చేసి ముగ్గుతో గీతలు వేయండి. రెండు చివరల 16 అడుగుల తాడుతో అర్ధచంద్రాకారముగా గీయండి. గోలు ఆ గీత లోపలి నుండే వేయాలి. రింగు ఎత్తు 10 అడుగులు. చిన్న తరగతుల వారికి 8 అడుగులకు దించండి. బంతి ఉన్నవారికి 3 అడుగుల దూరములో నిలబడి అడ్డుకోవాలి, తాకకూడదు. ఒక భాగమును పూర్తిగా దాటించి బంతిని విసరకూడదు, ఆ భాగములో ఎవరైనా ముట్టుకోవాలి. గోలు ఎవరు వేసినా, తరువాత మధ్య నుండి బంతి వేసే అవకాశము రెండు జట్లకు వంతుల ప్రకారము వస్తుంది. మొదటి వారము పట్టుకోవటము, అందించటము మాత్రమే నేర్పండి. జట్లను మాత్రము మీరే కలపండి. పిల్లలకు వదిలితే మన పెద్దల గీతల ప్రకారమే విడిపోతారు. ఆ గీతలు వాళ్ళకు నేర్పినది మనమే.

ఈ జూలైకి క్రొత్త తరగతి పిల్లలు చేరారు. ఆడదామని పిలిస్తే మొన్న ఒక ఆరవ తరగతి పిల్ల, "నాకు ఆటలు రావండీ" అన్నది. మేము నోరు తెరిచేలోగానే, కిందటేడు వేలు బెణికిన పిల్ల వెళ్ళి ఆమె చేతులు పట్టుకుని, వేళ్ళు ఎలా విప్పాలో చూపించటము మొదలుపెట్టింది.

వచ్చే నెల మరల కలుసుకుందాము. దేవుడు మీ పిల్లలను కాపాడి దీవించును గాక.